గ్యాలరీ గోడకెక్కే ప్రింట్‌కి హానెమ్యూలె ఫోటో ర్యాగ్ 308 ఎంతవరకు పనికొస్తుంది?

మొదటి సోలో షోకి సిద్ధమయ్యే ఫోటోగ్రాఫర్లు, డిజిటల్ ఆర్టిస్టులు ప్రింట్ ల్యాబ్‌లో అడుగుపెట్టగానే వినే పేరు ఇది. హానెమ్యూలె 1584లో మొదలైన జర్మన్ కాగితపు మిల్లు. ఫోటో ర్యాగ్ వాళ్ల ఇంక్‌జెట్ కాగితాల్లో బాగా ఎక్కువగా వాడేది. నూటికి నూరు పాళ్లూ పత్తి నార, చదరపు మీటరుకి 308 గ్రాముల బరువు, దాదాపు అర మిల్లీమీటరు మందం, మెరుపు లేని మ్యాట్ ముఖం. ఆమ్లం, లిగ్నిన్ (కాగితాన్ని పసుపు పట్టించే కలప పదార్థం) ఉండవు. గంజి పెట్టిన నూలు పంచెలా కాస్త బిరుసుగా ఉంటుంది, వేలితో తడిమితే మెత్తగా తగులుతుంది.

ఈ స్పర్శని చిన్న విషయం అనుకోకండి. పోర్ట్‌ఫోలియో రివ్యూలో క్యురేటర్ (షోకి పనులు ఎంపిక చేసేవాళ్లు) మీ పనిని గోడ మీద చూడరు, బల్ల మీద ఒక్కో ప్రింటూ చేత్తో తిప్పి చూస్తారు. ఫోన్లో వెయ్యి బొమ్మలు చూసిన కళ్లు ఒక మంచి కాగితం దగ్గర కాసేపు ఆగుతాయి. పోర్ట్‌ఫోలియోకి ఏ4 సైజు 25 షీట్ల పెట్టె ఒకటి చాలు: 20 బొమ్మలు, టెస్టులకి 5 షీట్లు. ఆ 20 ప్రింట్లూ ఒకే పెట్టెలోవి అయితే కాగితం తెలుపు ఒకేలా ఉంటుంది. రెండు రకాల కాగితాలు కలిపిన పోర్ట్‌ఫోలియో పక్కపక్కన పెట్టగానే బయటపడిపోతుంది.

ముందే తెలుసుకోవాల్సింది నలుపు సంగతి. మ్యాట్ కాగితం మీద నలుపు సాంద్రత, అంటే నలుపు ఎంత గాఢమో చెప్పే కొలత, 1.6, 1.7 దగ్గర ఆగిపోతుంది. కాస్త మెరిసే ముఖం ఉన్న బరైటా కాగితాలు 2.2 దాటతాయి. దానికి తోడు కాగితం మీది పనులకి మ్యూజియంలు వెలుగుని 50 లక్స్ (వెలుగు కొలత) దగ్గర, అంటే మసకగా ఉంచుతాయి. మామూలు గది వెలుతుర్లో బాగానే కనబడిన నీడలు అక్కడ ఒకే ముద్దగా కలిసిపోతాయి. చార్మినార్ దగ్గర రాత్రి బజారు, దీపం వెలుగులో మొహం, నల్ల నేపథ్యం మీద పోర్ట్రెయిట్ లాంటివే మీ పనైతే ఇది మీ కాగితం కాదు, అదే కంపెనీ ఫోటో ర్యాగ్ బరైటా 315 చూడండి. పొగమంచు, ఉప్పు మడులు, ఎండకి వెలిసిన గోడలు, చర్మం రంగులు, వాటర్ కలర్‌లా తేలికపాటి ఛాయలు ఉన్న పనులకి మాత్రం ఫోటో ర్యాగ్‌కి సాటి వచ్చేవి తక్కువ. స్పాట్ లైట్ ఏ వైపు నుంచి పడినా ముఖం మెరవదు కాబట్టి, చూసేవాళ్లు తల అటూ ఇటూ వంచాల్సిన పని ఉండదు.

నీడలు కాపాడుకోవాలంటే మీ ప్రింటర్ మోడల్‌కి సరిపోయే ఐసీసీ ప్రొఫైల్ (ఈ కాగితం మీద రంగులు ఎలా పడతాయో సాఫ్ట్‌వేర్‌కి చెప్పే ఫైలు) హానెమ్యూలె సైట్లో ఉచితంగా తీసుకోండి. దానితో వచ్చే సూచనలో ఏ మీడియా టైప్ రాసి ఉంటే డ్రైవర్‌లో అదే పెట్టండి. తప్పులు ఎక్కువగా జరిగేది ఇక్కడే: నిగనిగలాడే కాగితం సెట్టింగ్ పెడితే ప్రింటర్ ఫోటో బ్లాక్ సిరా వాడుతుంది, నలుపు బూడిద రంగుకి దిగిపోతుంది. దీనికి మ్యాట్ బ్లాకే కావాలి. తర్వాత ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో సాఫ్ట్ ప్రూఫ్ (ప్రింట్ ఎలా వస్తుందో తెర మీదే చూపే సదుపాయం) ఆన్ చేసి, అందులో రిలేటివ్ కలరిమెట్రిక్, బ్లాక్ పాయింట్ కాంపెన్సేషన్ అనే సెట్టింగులు పెట్టి, నీడలని కొద్దిగా పైకి లేపండి. ప్రింట్ తీసేముందు బొమ్మలో అన్నిటికన్నా చీకటిగా, అన్నిటికన్నా వెలుతురుగా ఉన్న చోట్లు రెండూ పడేలా 10 సెంటీమీటర్ల పట్టీ ఒకటి తీయండి. ఆ పట్టీని కిటికీ దగ్గర కాకుండా, షో జరిగే హాల్లోని లైటు కింద చూసి తేల్చుకోండి. హాలు దొరక్కపోతే ఇంట్లోనే ఒక్క బల్బు దూరంగా పెట్టి వెలుగు తగ్గించి చూడండి.

రెండో ఇబ్బంది నూగు. పత్తి కాగితం కాబట్టి అంచులు కోసిన చోట సన్నటి పొడి ఉంటుంది, కొంత ముఖం మీద కూడా అంటుకుని వస్తుంది. సిరా ఆ పొడి మీద పడుతుంది, ఆరాక పొడి రాలిపోతుంది, ముదురు రంగు మధ్యలో గసగసాల గింజంత తెల్ల చుక్క మిగులుతుంది. ఆకాశం, గోడ లాంటి సమానమైన రంగులో అది వెంటనే కంటికి తగులుతుంది. షీటుని నిలువుగా పట్టుకుని, వెనకనుంచి రెండుసార్లు తట్టి, వెడల్పాటి మేక వెంట్రుకల బ్రష్‌తో పైనుంచి కిందకి ఒకే దిశలో దులపాలి. నోటితో ఊదకండి, తుంపర పడితే కోటింగ్ మీద మరక అవుతుంది. రోల్ వాడేవాళ్లు ప్రతి కోత తర్వాతా కట్టర్ దగ్గర పొడి తుడవాలి. ఒకటీ అరా చుక్క మిగిలితే సన్న బ్రష్‌తో పిగ్మెంట్ రంగు అద్ది సరిచేయొచ్చు. మూడు నాలుగు ఉంటే మాత్రం మళ్లీ ప్రింట్ తీయడమే.

ఎంత కొనాలో కూడా లెక్క వేసుకుందాం. 24 అంగుళాల రోల్ పొడవు 12 మీటర్లు. బొమ్మ 50 x 75 సెంటీమీటర్లు, చుట్టూ 5 సెంటీమీటర్ల మార్జిన్ అంటే ఒక్కో ప్రింట్‌కి 85 సెంటీమీటర్ల పొడవు కావాలి. 12 పనుల షోకి 10.2 మీటర్లు, టెస్ట్ పట్టీలకి 1.2 మీటర్లు పోతే మిగిలేది 60 సెంటీమీటర్లు. ఒక్క ప్రింట్ చెడినా మళ్లీ తీయడానికి చాలదు. ఖరీదు ఎక్కువే అయినా రెండు రోల్స్ ఒకేసారి తీసుకోండి. రెండోది ఎడిషన్‌లో (ఒకే బొమ్మకి లెక్కపెట్టి తీసే ప్రింట్లు) తర్వాతి ప్రింట్లకి ఎలాగూ పనికొస్తుంది.

వానాకాలంలో, అందులోనూ విశాఖ, కాకినాడ లాంటి తీర ప్రాంతాల్లో, ఈ కాగితం తేమ పీల్చి అంచుల దగ్గర అలలు తిరుగుతుంది. లేచిన అంచుకి ప్రింట్ హెడ్ తగిలి నల్లటి గీత పడుతుంది. ప్యాకెట్ విప్పకుండానే ప్రింటర్ ఉన్న గదిలో ఒక రోజు ఉంచండి, గది తేమ 40 నుంచి 60 శాతం మధ్య చూసుకోండి, ప్రింట్ హెడ్‌కీ కాగితానికీ మధ్య ఎడం (ప్లాటెన్ గ్యాప్) వైడ్‌లో పెట్టండి. తీసిన ప్రింట్‌ని కనీసం 24 గంటలు ఆరనివ్వకుండా ఫ్రేమ్ కట్టిస్తే సిరాలోని ద్రావకాలు ఆవిరై అద్దం లోపల పొగలా పేరుకుంటాయి. ఓపెనింగ్ రేపనగా ప్రింట్ తీయించేవాళ్లకి ఇదే ఎదురవుతుంది.

ఫ్రేమ్ దగ్గర ఇంకొంచెం గట్టిగా ఉండాలి. ఇంత మంచి కాగితాన్ని ఫెవికాల్‌తోనో, రెండువైపులా జిగురుండే టేపుతోనో హార్డ్‌బోర్డుకి అంటిస్తే పెట్టిన డబ్బంతా వృథా. హార్డ్‌బోర్డులోని ఆమ్లం కొన్నేళ్లకి కాగితంలోకి దిగి పసుపు చారలు తేలుస్తుంది. వెనక ఆమ్లం లేని పత్తి బోర్డు ఉండాలి. ప్రింట్‌ని పైఅంచున రెండు చోట్ల మాత్రమే జపనీస్ కాగితం పట్టీ, గోధుమ గంజితో వేలాడదీయాలి, కాగితం తేమకి సాగినా ముడుచుకున్నా దానికి చోటు ఉంటుంది. అద్దానికీ ప్రింట్‌కీ మధ్య 5 మిల్లీమీటర్ల ఎడం తప్పనిసరి. ఈ మాటలన్నీ ఫ్రేమ్ కట్టేవాళ్లకి కాగితం మీద రాసి ఇవ్వండి, నోటిమాటగా చెబితే పని తొందరలో పాత అలవాటే జరుగుతుంది.

గ్యాలరీ లేబుల్ మీద "ఆర్కైవల్ పిగ్మెంట్ ప్రింట్, హానెమ్యూలె ఫోటో ర్యాగ్ 308, ఎడిషన్ 5 + 2 ఏపీ" అని రాశారంటే (అమ్మకానికి 5 ప్రింట్లు, ఆర్టిస్టు తన దగ్గర ఉంచుకునే ఆర్టిస్ట్ ప్రూఫ్‌లు, అంటే ఏపీలు, 2) అది కొనేవాళ్లకి ఇచ్చిన మాట. ఐదో ప్రింట్ మూడేళ్ల తర్వాత తీసినా అదే కాగితం, అదే సైజు, అదే ఛాయ ఉండాలి. అందుకే మొదటి ప్రింట్‌తో పాటు చిన్న రిఫరెన్స్ పట్టీ ఒకటి చీకట్లో దాచి, వెనక ప్రొఫైల్ పేరు, సిరా సెట్, తేదీ పెన్సిల్‌తో రాసుకోండి. ఈ కాగితంలో తెల్లదనం పెంచే రసాయనం కొద్ది మోతాదులో ఉంటుంది, ఏళ్ల తరబడి వెలుగులో ఉంటే తెలుపు కొంచెం వెచ్చగా మారుతుంది. మ్యూజియం సేకరణకి ఇస్తున్నప్పుడు ఆ రసాయనం అసలే వద్దంటే కాన్సన్ ర్యాగ్ ఫోటోగ్రఫీక్ 310 దగ్గరి ప్రత్యామ్నాయం.

ప్రింట్ అసలైనదని చూపడానికి హానెమ్యూలె విడిగా అమ్మే సర్టిఫికెట్ కిట్ కొనదగ్గదే. అందులో ఒకే నంబరున్న హోలోగ్రామ్‌లు జంటగా వస్తాయి, ఒకటి సర్టిఫికెట్ మీద, ఒకటి ప్రింట్ వెనక. వెనక అంటించేటప్పుడు బొమ్మ ఉన్న చోట కాకుండా మార్జిన్ వెనక మూలలో పెట్టండి, లేకపోతే ఒత్తుకుని ముందువైపు గుర్తు తేలొచ్చు. సంతకం, ఎడిషన్ నంబరు ముందువైపు మార్జిన్‌లో పెన్సిల్‌తోనే రాయండి. ఈ కాగితం పెన్సిల్‌ని చక్కగా పట్టుకుంటుంది. నిగనిగలాడే కాగితాలకి లేని సుఖం అది.

షో ఊరు దాటుతుంటే ప్రింట్ ముఖానికి గ్లాసిన్ (నున్నటి పలచటి) కాగితం కప్పి, నాలుగు మూలలకీ కాగితపు పాకెట్లు వేసి, 5 మిల్లీమీటర్ల ఫోమ్ బోర్డులు రెంటి మధ్య పెట్టి పంపండి. చేతులకి నూలు తొడుగులు వేసుకోండి. ముదురు నలుపు మీద ఒక్క గోరు గీత పడితే అక్కడ నిగనిగలాడే చార మిగులుతుంది, దాన్ని తీసే ఉపాయం లేదు. ప్యాక్ చేసేముందు పక్కనుంచి టార్చి వేసి ముఖాన్ని ఫోటో తీసి తేదీతో దాచుకోండి. అవతలి గ్యాలరీ, ప్రింట్ అందినప్పుడు దాని స్థితి రాసే కండిషన్ రిపోర్ట్‌లో గీత ఉందని రాసినప్పుడు అది ఎక్కడ పడిందో ఆ ఫోటోతోనే తేలుతుంది.