ఆర్‌లో ప్రోబిట్: ఎల్‌సీ50 ఇస్తుంది, హద్దులు మనమే రాబట్టుకోవాలి

భీమవరం, ఆకివీడు వైపు వనామీ రొయ్య పిల్ల మీద అమ్మోనియా, నైట్రైట్, చెరువు మందుల విష పరీక్షలు చేసేవాళ్లకి చివరికి కావలసింది ఒక్క అంకె: ఎల్‌సీ50, అంటే సగం పిల్ల చచ్చే గాఢత. దాని పక్కన విశ్వాస అంతరం (అసలు విలువ ఉండగల కింది, పై హద్దులు) లేకపోతే అది చెరువు గట్టు మీద చెప్పే కాకిలెక్కే. ఆర్ అనే గణాంక సాఫ్ట్‌వేర్, చావు శాతాన్ని గాఢతతో ముడిపెట్టే ప్రోబిట్ మోడల్‌తో ఆ అంకెను ఇట్టే ఇస్తుంది. తిరకాసంతా అంతరం దగ్గరే.

మోడల్ కట్టడం తేలిక. ఆరు గాఢతలు, టబ్బుకి 20 పిల్ల అనుకుందాం. చచ్చినవి ఒక కాలమ్, బతికినవి ఇంకో కాలమ్. రెండిటినీ సీబైండ్ (cbind) ఆదేశంతో కలిపి, గాఢతను లాగ్10 చేసి, మోడల్ కట్టే జీఎల్ఎం (glm) ఆదేశంలో బైనామియల్ (చావు-బతుకు లెక్క), ప్రోబిట్ లింక్ (చావు శాతాన్ని సరళరేఖ మీదికి తెచ్చే మార్పు) ఇవ్వాలి. లింక్ రాయడం మరిచారా, చప్పుడు చెయ్యకుండా లాజిట్ అనే వేరే లింక్ వేసేస్తుంది. ఉత్త శాతాలు ఎక్కించి వెయిట్స్‌లో 20 అని చెప్పకపోతే టబ్బుకి ఒక్క పిల్లే ఉందనుకుంటుంది. ప్రామాణిక దోషం (అంచనాలోని అనిశ్చితి కొలత) దాదాపు నాలుగున్నర రెట్లు పెరుగుతుంది. మందు వెయ్యని కంట్రోల్ టబ్బు గాఢత సున్నా, సున్నాకి లాగ్ లేదు గనక ఎర్రర్ కొడుతుంది. దాన్ని దాటడానికి సున్నా బదులు 0.001 పెట్టేవాళ్లున్నారు. అలా చేస్తే గాఢతతో చావు పెరిగే వాలు చెడుతుంది. అబట్ సవరణ, అంటే మందు లేకుండానే చచ్చినవాటిని మినహాయించడం, చెయ్యాలి: కంట్రోల్‌లో 10 శాతం, మందు టబ్బులో 55 శాతం చస్తే, 45ని 90తో భాగించి 50 శాతం. అయితే కంట్రోల్ అంకెలోని అనిశ్చితి ఈ సవరణలో జారిపోతుంది. అంతరం ఉండాల్సినదానికంటే కాస్త ఇరుగ్గా వస్తుంది.

అంతరం కోసం కాన్ఫింట్ (confint) అని అడిగితే ప్రొఫైల్ లైక్లీహుడ్ అనే పద్ధతిలో హద్దులిస్తుంది. ఆర్ 4.4.0కి ముందు వెర్షన్లలో ఈ పని మాస్ (MASS) అనే అదనపు ప్యాకేజీది, ఆ తర్వాత అసలు ఆర్‌లోనే చేరింది. కాన్ఫింట్ డాట్ డిఫాల్ట్ అంటే మాత్రం ఉత్త దోషానికి 1.96 రెట్లు ఇటూ అటూ తీసే వాల్డ్ లెక్క. పేర్లు ఒకేలా ఉంటాయి, జవాబులు వేరు. పైగా రెండూ మోడల్ గుణకాలకే (వాలు, స్థిరాంకం) గానీ ఎల్‌సీ50కి కాదు.

ఎల్‌సీ50కి మాస్‌లోని డోస్ డాట్ పీ ఉంది. అది లాగ్ విలువ, దాని దోషం ఇచ్చి ఊరుకుంటుంది. లాగ్ 0.30, దోషం 0.05 అనుకోండి. దోషానికి 1.96 రెట్లు, అంటే 0.098 తీసి, కలిపి, ఆ తర్వాతే 10 ఘాతానికి ఎక్కించాలి: లీటరుకి 2.0 మిల్లీగ్రాములు, హద్దులు 1.59, 2.50. రెండు వైపులా దూరం సమానంగా లేదని కంగారుపడనక్కర్లేదు, అలాగే ఉండాలి.

చావు శాతానికి హద్దులు కట్టేటప్పుడు ప్రెడిక్ట్ (predict) ఆదేశానికి రెస్పాన్స్ అని, అంటే నేరుగా శాతాల్లో ఇవ్వమని, చెప్పడం మామూలుగా జరిగే తప్పు. లింక్ విలువ 1.9, దోషం 0.4 అయితే ఆ దారిలో పై హద్దు 102 శాతం వస్తుంది. వందలో 102 రొయ్యలు చచ్చే చెరువు ఈ డెల్టాలో ఇంకా తవ్వలేదు. లింక్ మీదే హద్దులు కట్టి శాతంగా మార్చే పీనార్మ్‌లో వేస్తే 86.8 నుంచి 99.6 వస్తుంది.

అన్నిటికన్నా మోసం చేసేది టబ్బుల మధ్య తేడా. ఒక టబ్బులో గాలి తగ్గినా అందులో పిల్లంతా కలిసి చస్తుంది. బైనామియల్‌కి ఆ సంగతి తెలియదు. మోడల్ డేటాకి ఎంత సరిపోలేదో చెప్పే పియర్సన్ కై వర్గం 12, స్వేచ్ఛాంకాలు (ఆరు గాఢతల్లోంచి రెండు గుణకాలు పోగా) 4 వచ్చాయంటే చెదురు ఊహించినదానికి మూడు రెట్లు. ఆ అదనపు చెదురును లెక్కలో పెట్టే క్వాసీబైనామియల్ పెడితే దోషం 1.73 రెట్లవుతుంది, 1.96 బదులు టీ పట్టికలోని 2.776 వాడాలి. ఇందాకటి హద్దులే 1.15, 3.47 అవుతాయి. ఎస్‌పీఎస్‌ఎస్ అనే ఇంకో గణాంక సాఫ్ట్‌వేర్ ఇక్కడ మెరుగు: కై వర్గం సార్థకత (పీ విలువ) 0.15 కంటే తగ్గితే ఈ సవరణ తనే చేసి, ఫిడ్యూషియల్ హద్దులు (విశ్వాస హద్దుల్లాంటివే) పట్టికలో పరుస్తుంది. దానికి లైసెన్సు డబ్బు కట్టాలి, ఆర్ ఉచితం.

ఎల్‌సీ50 రెండు గుణకాల నిష్పత్తి గనక, దానికి తగ్గ ఫీలర్ పద్ధతి హద్దులు ఆర్‌లోనే కావాలంటే ఎకోటాక్స్ ప్యాకేజీలో ఎల్‌సీ ప్రోబిట్ ఉంది. పిల్ల తక్కువైనప్పుడు డోస్ డాట్ పీ కంటే దీన్నే నమ్మొచ్చు. వాలు బలహీనంగా ఉండి ఫీలర్ జీ విలువ (వాలులోని అనిశ్చితి కొలత) 1 దాటితే హద్దులే ఉండవు. అప్పుడు ఏ సాఫ్ట్‌వేర్ మార్చినా లాభం లేదు; 0కి, 100 శాతానికి నడుమ కనీసం మూడు గాఢతలు పడేలా టబ్బులు మళ్లీ పెట్టాలి.