36 వారాల పాఠాలు, 9 గొర్రెలు

పెట్టె విప్పిన రోజే రాసి ఉంటే కళ్లు మూసుకుని ఐదు స్టార్లూ ఇచ్చేసేదాన్ని. 22 వారాలు గడిచాక ఇప్పుడు రాస్తున్నాను.

మా చిన్నోడికి ఐదేళ్లు. ఇంకొన్నాళ్లు ఇంట్లోనే చదివిద్దాం, బైబిల్ వాక్యం, చదువు రెండూ కలిసి నడవాలి అనుకుని ఈ హోమ్‌స్కూల్ కిట్ తెప్పించాం. టీచర్ గైడు, రెండు వర్క్‌బుక్కులు, కంఠత వాక్యాల కార్డులు, స్టార్ స్టిక్కర్లు, ఒక ఫెల్టు (మెత్తటి ఉన్నిగుడ్డ) బోర్డు, దానికి అంటించే బొమ్మలు. 36 వారాలకు సరిపడా సరంజామా.

ముందు మంచి చెప్తాను. నోవహు ఓడ వారం ఒక్కటి చాలు, ఈ కిట్ కొన్నందుకు. బైబిల్లో, ఆదికాండం ఆరో అధ్యాయంలో, జంతువులన్నీ ఎక్కాల్సిన ఆ ఓడ పొడవు 300 మూరలు, వెడల్పు 50, ఎత్తు 30. మూరంటే మోచేతి నుంచి నడివేలి కొస దాకా. చేత్తో ఇంటిని కొలవమంది గైడు. మా హాలు వాడి చేత్తో 17 మూరలు, నా చేత్తో 11. వాడు కంగారుగా చుట్టూ చూసి, "హాలు చిన్నదైపోయిందా అమ్మా?" అన్నాడు. కొలబద్ద ఎందుకు పుట్టిందో ఇక విడిగా చెప్పే పని లేకపోయింది. పెద్దవాళ్ల మూర సుమారు 45 సెంటీమీటర్లు, అంటే ఓడ 135 మీటర్లు. వాడి మూర 29. ఆ లెక్కన కడితే 87 మీటర్లే. "అయితే ఏనుగులు పట్టవు" అని తేల్చేశాడు. లెక్కలూ వాక్యమూ అతుకు కనబడకుండా కలిసిపోవడమంటే ఇదీ. మిగతా వారాల్లో చాలాచోట్ల కూడికల పేజీ మీద ఒక మూల పావురం బొమ్మ వేసి బైబిల్ లెక్కలన్నారు, అది వేరే సంగతి.

అక్షరాల పుస్తకం మాత్రం దండగ. ఇంగ్లీషు కిట్‌ని తెలుగు చేశారని మొదటి పేజీలోనే బయటపడిపోయింది. ఇంగ్లీషు 'ఏ' అక్షరం, కింద ఓడ బొమ్మ (ఇంగ్లీషులో 'ఆర్క్' మరి), పక్కన తెలుగులో 'ఓడ'. "ఓడలో ఏ ఎక్కడుంది?" అని వాడడిగితే ఏం చెప్పను? ఆ పుస్తకం పక్కన పెట్టి మేమే అట్టముక్కల మీద రాసుకున్నాం. అ అంటే అబ్రాహాము, ఇ అంటే ఇస్సాకు, ఎ అంటే ఎస్తేరు, ఐ అంటే ఐగుప్తు, ఓ అంటే ఓడ, అం అంటే అంజూరం. ఋ దగ్గర ఇద్దరం చేతులెత్తేశాం.

పాఠానికి 45 నిమిషాలు కూర్చోబెట్టాలట. ఐదేళ్లవాణ్ణి! ఇంటి చదువుల గురించి నూరేళ్ల కిందటే రాసిన షార్లెట్ మేసన్ ఆరేళ్లు నిండేదాకా పద్ధతిగా పాఠాలే వద్దంది. ఆ తర్వాత కూడా ఎనిమిదేళ్ల దాకా ఇరవై నిమిషాలు దాటనివ్వొద్దంది. మేం పావుగంటకే ఆపేస్తాం. దాంతో వారం పాఠం పదిరోజులు పడుతోంది, పట్టనీ.

కంఠత వాక్యాలు బాగున్నాయి, కాకపోతే పాత తెలుగుకు చిన్న అర్థమైనా ఇవ్వలేదు. "యెహోవా నా కాపరి నాకు లేమి కలుగదు" వచ్చిన వారం, లేమి అంటే ఏంటన్నాడు. నిద్రలేమి అంటాం కదరా, ఆ లేమే, లేకపోవడం అన్నాను. ఆ రాత్రి "యెహోవా నా కాపరి నాకు నిద్రలేమి కలుగదు" అని పదిసార్లు వల్లించి, పదకొండింటి దాకా మేలుకునే ఉన్నాడు.

నాకు ఒళ్లుమండింది స్టిక్కర్ల దగ్గర. వాక్యం అప్పజెబితే ఒక స్టారు, సరే. ప్రార్థన చేసినా ఒక స్టారట! మధ్యాహ్నంలోపు మావాడు మూడు ప్రార్థనలు చేసి మూడు స్టార్లు అడిగాడు. మూడోది మరీ ఘోరం, "ప్రభువా, ఆమెన్." ఆ రోజే స్టిక్కర్లు బీరువా మీదికెక్కాయి.

అసలు లోటు గైడులో ఉంది. ప్రతి ప్రశ్నకూ ఒకే జవాబు, దాని పక్కన టిక్కు కొట్టడానికి గడి. తప్పిపోయిన ఒక్క గొర్రె కోసం కాపరి మిగతావాటిని వదిలి వెతకబోయే కథకు నూరు గొర్రెలకు బదులు పది ఫెల్టు గొర్రెలిచ్చారు. 'కాపరి ఎవరు? యేసు.' టిక్కు. మావాడు మాత్రం బోర్డు మీద మిగిలిన వాటినే చూస్తున్నాడు. "ఈ తొమ్మిదింటినీ అడవిలో వదిలేసి వెళ్లిపోతే వీటికి భయం వెయ్యదా?" గైడు తిరగేశాను. ఏమీ లేదు. అప్పుడు మా అత్తయ్య, "తప్పిపోయినా వెతుక్కుంటూ వస్తాడని వాటికీ తెలిసింది కదరా ఇవాళ" అంది. వాడు కాసేపు ఆలోచించి ఊరుకున్నాడు. ఒప్పుకున్నాడో లేదో నాకిప్పటికీ తెలీదు. ఇలాంటి ప్రశ్నలకు తడుముకోకుండా జవాబు చెప్పే పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే కొనండి. గైడు చూసి నడిపేద్దాం అనుకుంటే మాత్రం ఇబ్బంది పడతారు.

ఫెల్టు బోర్డు గట్టిది, రోజూ పీకి అంటిస్తున్నా పట్టు తగ్గలేదు. గొర్రెల్లోనే ఒకటి నిజంగా పోయింది. సోఫా కింద, దిండు గలీబుల్లో, చెప్పుల స్టాండు వెనక, అంతటా వెతికాం. చివరికి కంపెనీకి రాశాను, ఒక్క గొర్రె పంపగలరా అని. రెండు రోజులకు జవాబొచ్చింది: "ఒక్క గొర్రెను విడిగా పంపలేము. సెట్టు మొత్తం కొనుక్కోవాలి."

పాత తెల్ల సాక్సు కత్తిరించి ఒకటి చేసిచ్చాను. కాస్త కుక్కలా ఉంది.