ఆవిర్లకు హార్మోన్ మందా, వేరే మాత్రా, వంటింటి ఉపాయమా: ఏది మేలు?

గుంటూరులో మే నెలలో చెమట పట్టని మనిషి ఉండరు కాబట్టి, ముట్లు ఆగే వయసులో వచ్చే ఆవిర్లను మన ఇళ్లలో చాలాకాలం ఎండ ఖాతాలోనే వేసేస్తారు. నేనూ అలాగే వేశాను. డిసెంబరులో ఒక రాత్రి రెండు గంటల వేళ ఛాతీ దగ్గర మొదలైన వేడి మెడ మీదుగా ముఖానికి పాకింది. నాలుగు నిమిషాల్లో నైటీ వీపంతా తడిసిపోయింది. ఆ వెంటనే చలి పుట్టి, కాళ్లతో తన్నేసిన దుప్పటిని చీకట్లో తడుముకున్నాను. అది ఎండ కాదని అప్పుడు తెలిసింది. అండాశయాలు తయారుచేసే ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ తగ్గినప్పుడు, ఒంటి వేడిని అదుపు చేసే హైపోథాలమస్ అనే మెదడు భాగం కొద్దిపాటి వేడికే బెదిరి, రక్తాన్ని చర్మానికి తోసి చెమట పట్టిస్తుంది.

మొదట అందరూ చెప్పేది ఓర్చుకోమని. 'వేడి చేసింది, మజ్జిగ తాగు, సబ్జా నానబెట్టుకో' అన్న సలహాలో తప్పేమీ లేదు. అయితే తరచుగా ఆవిర్లు వచ్చేవారిలో సగం మందికి అవి ఏడేళ్లకు పైగా సాగినట్టు అమెరికాలో ఏళ్ల తరబడి జరిగిన ఒక పెద్ద అధ్యయనంలో తేలింది. అన్నేళ్లు నిద్ర చెడగొట్టుకోమనడం సలహా అనిపించుకోదు. సోయా గింజలు ఆవిర్లను తగ్గిస్తాయనడానికి గట్టి ఆధారం లేదు. ఉత్తుత్తి మాత్ర ఇచ్చినా కొంతమందికి ఆవిర్లు తగ్గుతాయి కాబట్టి, పక్కింటావిడకు ఏదో పొడి పనిచేసిందన్న మాటను దాటి ఆలోచించాలి. రాగులు, నువ్వులు తప్పకుండా తినవలసినవే. కానీ అవి ఎముకల కోసం, ఆవిర్ల కోసం కాదు. కొందరికి కారం, వేడి కాఫీ ఆవిర్లను రేపుతాయి. మిరపకాయల ఊళ్లో ఈ మాట చెప్పడం కష్టమే గానీ, రెండు వారాలపాటు ఏం తిన్న తరువాత ఆవిరి వచ్చిందో రాసుకుంటే తమ సంగతి తమకే తెలుస్తుంది. రోజుకు రెండు మూడు ఆవిర్లే వచ్చి, రాత్రి నిద్ర నిలుస్తున్నవారికి ఇంతకు మించిన మందు అక్కరలేదు.

నిద్ర నిలవనివారికి, తగ్గిన ఈస్ట్రోజెన్‌ను మందుగా ఇచ్చే హార్మోన్ చికిత్సకు సాటి మరొకటి లేదు. ఆవిర్ల సంఖ్యను దాదాపు ముప్పాతిక వంతు తగ్గిస్తుంది, ఎముకలను కాపాడుతుంది. అయినా మన దగ్గర ఈ పేరు చెప్పగానే క్యాన్సర్ అంటారు. ఆ భయానికి మూలం 2002లో అమెరికాలో మధ్యలోనే ఆపేసిన ఒక పెద్ద మందు పరీక్ష. అందులో చేరిన స్త్రీల సగటు వయసు 63. వాళ్లకు ఇచ్చినవి ఈస్ట్రోజెన్, ప్రొజెస్టెరాన్ హార్మోన్‌ను పోలిన ప్రొజెస్టిన్ కలిపిన మాత్రలు. ఏడాదికి 10,000 మందిలో రొమ్ము క్యాన్సర్ అదనంగా వచ్చింది 8 మందికి. అది చిన్న ప్రమాదమే గానీ లేనిది కాదు, వాడే ఏళ్లు పెరిగేకొద్దీ పెరుగుతుంది కూడా. కానీ 60 ఏళ్లలోపు, ముట్లు ఆగిన పదేళ్లలోపు మొదలుపెట్టిన ఆరోగ్యవంతులకు నష్టం కన్నా మేలే ఎక్కువని నిపుణుల సంఘాలు ఇప్పుడు చెబుతున్నాయి.

ఈ హార్మోన్‌లోనూ ఎంపిక ఉంది. మాత్ర కాలేయం గుండా వెళ్లి రక్తం గడ్డకట్టే గుణాన్ని పెంచుతుంది, చర్మానికి రాసుకునే జెల్‌తో ఆ బెడద బాగా తక్కువ. అందుకే నేను జెల్ ఎంచుకున్నాను. గర్భసంచి ఉన్నవారు దాని లోపలి పొర మందం కాకుండా ప్రొజెస్టెరాన్ కూడా వేసుకోవాలి, తీయించుకున్నవారికి ఈస్ట్రోజెన్ ఒక్కటే చాలు. మన రాష్ట్రంలో ఈ తేడా చాలామందికి వర్తిస్తుంది. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశంలో 3.2 శాతం ఉంటే, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం. ఆ ఆపరేషన్‌లో అండాశయాలు కూడా తీసేస్తే ముట్లుడిగిన స్థితి ఒక్కరోజులో వచ్చిపడుతుంది. అలా నలభైలోపే జరిగినవారు, వేరే అడ్డంకి లేకపోతే, సహజంగా ముట్లు ఆగే వయసు వరకైనా హార్మోన్ వాడడం మంచిది. ఎముకలకూ గుండెకూ అది అవసరం. కాగితాల్లో ఏమేమి తీశారని రాశారో వెతికి చూసుకోండి.

విజయవాడలో ఉన్న మా అక్కకు ఈ దారి మూసుకుపోయింది, ఆమెకు రొమ్ము క్యాన్సర్ వచ్చి తగ్గింది. రక్తం గడ్డకట్టినవారికి, పక్షవాతం లేదా గుండెపోటు వచ్చినవారికి, కాలేయ జబ్బు ఉన్నవారికి కూడా హార్మోన్ సాధారణంగా ఇవ్వరు. అక్క తక్కువ మోతాదులో వెన్లాఫాక్సిన్ వేసుకుంటోంది. అది దిగులుకు ఇచ్చే మందే అయినా ఆవిర్లనూ తగ్గిస్తుంది. హార్మోన్ అంత కాదు, కానీ రాత్రి నాలుగుసార్లు లేచే మనిషి ఒక్కసారే లేస్తోంది. ఇదే కోవలోని పారాక్సెటిన్, రొమ్ము క్యాన్సర్‌కు ఇచ్చే టామాక్సిఫెన్ అనే మందు పనిని చెడగొడుతుంది కాబట్టి ఆ రెండూ కలిపి వాడకూడదు. రాత్రి చెమటలే ఎక్కువైతే పడుకునే ముందు గాబాపెంటిన్ ఇస్తారు. ఇవేవీ ఎముకలకు గానీ, యోని పొడిబారడానికి గానీ ఉపకరించవు.

ఆ పొడిబారడం గురించి అక్కచెల్లెళ్లు కూడా మాట్లాడుకోరు. ఆవిర్లు కాలంతో తగ్గుతాయి, ఇది మాత్రం వదిలేస్తే పెరుగుతుంది. మంట, మాటిమాటికీ మూత్రంలో ఇన్ఫెక్షన్ వస్తాయి. దీనికి ఒంటికంతటికీ హార్మోన్ అక్కరలేదు. లోపల రాసుకునే తక్కువ మోతాదు ఈస్ట్రోజెన్ క్రీము చాలు, అది రక్తంలోకి చేరేది బహు స్వల్పం. క్యాన్సర్ వచ్చినవారు ముందు హార్మోన్ లేని తేమ జెల్ వాడి, చాలకపోతే క్యాన్సర్ వైద్యులను అడగాలి.

ఏ మందు మొదలుపెట్టే ముందైనా బీపీ, థైరాయిడ్ చూపించుకోవాలి, ఎందుకంటే థైరాయిడ్ ఎక్కువైనా ఇలాగే చెమటలు, గుండెదడ వస్తాయి. హార్మోన్ అయితే మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే) కూడా తీయించుకోవాలి. పన్నెండు నెలలు ముట్టు రాకుండా గడిచిన తరువాత ఒక్క చుక్క రక్తం కనిపించినా, 'మళ్లీ వచ్చిందిలే' అనుకోకుండా ఆ వారంలోనే వైద్యురాలి దగ్గరకు వెళ్లాలి.