పెర్ల్ హార్బర్‌కు ఒక రోజంతా పెట్టుకోండి

హవాయి వెళ్లినవాళ్లు చాలామంది, రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ దాడి చేసిన అమెరికా నౌకాస్థావరం పెర్ల్ హార్బర్‌ను ఒక పూటలో ముగించేస్తారు. మేమూ అలాగే అనుకుని వెళ్లి, మూసే వేళ దాకా ఉండిపోయాం.

బస హొనొలులు నగరంలోని బీచ్ ప్రాంతం వైకీకీలో. గది శుభ్రంగా ఉంది, సముద్రం రెండు అడుగుల్లోనే. కానీ బుకింగ్‌లో చూపిన అద్దెకు తోడు రోజూ రిసార్ట్ ఫీజు వేశారు, ముందే అడగండి. అక్కడి నుంచి సిటీ బస్సులో గంటకు పైగా పట్టింది. పెద్దవాళ్లుంటే టాక్సీయే మేలు.

లోపలికి బ్యాగులు తీసుకెళ్లనివ్వరు. అమ్మ హ్యాండ్‌బ్యాగ్ కూడా డబ్బు కట్టి బయటే పెట్టాం. ఆ దాడిలో మునిగిన అరిజోనా యుద్ధనౌక స్మారకానికి వెళ్లే పడవ ఉచితమే, ఆన్‌లైన్ రిజర్వేషన్‌కు మాత్రం ఒక డాలర్. టికెట్లు 8 వారాల ముందు కొన్ని, ముందు రోజు మధ్యాహ్నం 3 గంటలకు కొన్ని వదులుతారు. మాకు రెండోసారి దొరికాయి. అప్పటిదాకా టెన్షనే.

మిస్సోరి యుద్ధనౌకకు టికెట్ వేరు, కాస్త ఖరీదే. అయినా చూడాలి. 1945 సెప్టెంబర్ 2న జపాన్ లొంగుబాటు పత్రంపై సంతకాలు జరిగింది దాని డెక్ మీదే. బోఫిన్ జలాంతర్గామిలో మెట్లు నిటారుగా ఉంటాయి, మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు కష్టం.

పడవ ఎక్కేముందు ఉచిత ప్రదర్శనశాలలు తీరిగ్గా చూడండి. 1941 డిసెంబర్ 7 ఆదివారం, ఉదయం 8 కావస్తుండగా, ఆరు విమానవాహక నౌకల నుంచి 350కి పైగా జపాన్ విమానాలు రెండు విడతలుగా విరుచుకుపడ్డాయి. ఒపానా రాడార్‌లో అవి ముందే కనబడ్డాయి. తమ విమానాలే అయ్యుంటాయని అమెరికన్లు వదిలేశారు! ఆ రోజు అమెరికా విమానవాహక నౌకలు రేవులో లేవు. చమురు ట్యాంకుల జోలికీ జపాన్ పోలేదు. అందుకే స్థావరం త్వరగా తేరుకుంది. ఆ తర్వాత అమెరికాలోని జపాన్ సంతతివాళ్లు సుమారు 1,20,000 మందిని ఇళ్లు వదిలించి శిబిరాల్లో పెట్టారు. వాళ్లలో ఎక్కువమంది ఆ దేశ పౌరులే. నాకు అది మింగుడుపడలేదు.

మాది కాకినాడ. 1942 ఏప్రిల్ 6న జపాన్ బాంబులు విశాఖతో పాటు మా ఊరి మీదా పడ్డాయి. అప్పుడు ఊరు వదిలి పల్లెకు పోయిన సంగతి అమ్మమ్మ చెబుతుండేదని దారంతా అమ్మ తలుచుకుంది.

పెర్ల్ హార్బర్ దాడిలో చనిపోయిన 2,403 మంది అమెరికన్లలో 1,177 మంది అరిజోనా వాళ్లే. మునిగిన ఓడకు తగలకుండా పైన తెల్లటి కట్టడం, లోపల చలువరాతి గోడ నిండా పేర్లు. కింద నీళ్ల మీద ఇప్పటికీ నూనె తేలుతోంది. ఆ రోజు బతికి బయటపడ్డవాళ్లలో 40 మందికి పైగా, ఎన్నో ఏళ్ల తర్వాత పోయినప్పుడు, తమ అస్థికలను ఈ ఓడలోనే ఉంచమని కోరుకున్నారట.

"మనవాళ్లు గోదాట్లో కలపమన్నట్టే కదరా" అంది అమ్మ, ఆ నూనె వైపే చూస్తూ. పడవ వాళ్లు పిలిచేదాకా అక్కడి నుంచి కదల్లేదు.