ఔటర్ అవతల సీఎస్ఈనా, పాత కాలేజీలో ఈఈఈనా, కాదంటే సీఏనా?

తెలంగాణ ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్ష ఈఏపీసెట్‌లో మధ్యస్తం ర్యాంకు వచ్చిన ఇంట్లో వెబ్ ఆప్షన్లు పెట్టే రోజుల్లో ఒకటే తర్జనభర్జన. ఔటర్ రింగ్ రోడ్డు అవతల ఈమధ్య లేచిన కాలేజీలో సీఎస్ఈ, అంటే కంప్యూటర్ సైన్స్ వస్తుంది. సిటీలో ఏళ్ల తరబడి నడుస్తున్న కాలేజీలో ఈఈఈ, అంటే ఎలక్ట్రికల్ వస్తుంది. నాన్న సీఎస్ఈ అంటాడు, బాబాయీ అదే అంటాడు. నా ఓటు మాత్రం ఈఈఈకే.

ఎందుకంటారా, అమీర్‌పేట మైత్రీవనం దగ్గర ఒక పూట నిలబడి చూడండి. 'జావా ఫుల్ స్టాక్, డెవాప్స్, డెమో ఫ్రీ' అంటూ చేతిలో కరపత్రం పెట్టే కుర్రాడు మీది ఏ బ్రాంచి అని అడగడు. లోపల బెంచీ మీద మెకానికల్ వాడి పక్కనే సీఎస్ఈ చదివినవాడూ ఉంటాడు. కాలేజీలో చెప్పాల్సిన పాఠానికి అక్కడ మళ్లీ ఫీజు కడుతున్నాడన్నమాట. టీసీఎస్, ఇన్ఫోసిస్ లాంటివి ఫ్రెషర్లను అన్ని బ్రాంచీల నుంచీ తీసుకుంటాయి కాబట్టి ఈఈఈ వాడికి సాఫ్ట్‌వేర్ తలుపు తెరిచే ఉంటుంది. అదే సీఎస్ఈ వాడు విద్యుత్ సంస్థల్లో ఎలక్ట్రికల్ ఏఈ (అసిస్టెంట్ ఇంజినీర్) పోస్టుకు అప్లికేషన్ కూడా పెట్టుకోలేడు. గేట్ పరీక్ష స్కోరుతో ఎన్టీపీసీ లాంటి ప్రభుత్వ రంగ సంస్థలకు పోయే వీలు ఈఈఈ వాడికి అదనం. ఏఈ నోటిఫికేషన్లు ఏటా పడవు, నిజమే. దాన్నే నమ్ముకుని కూర్చోమనడం లేదు.

అలాగని ఈఈఈ నల్లేరు మీద నడక కాదు. మెషీన్స్, పవర్ సిస్టమ్స్‌తో కుస్తీ పడుతూనే డేటా స్ట్రక్చర్స్ సొంతంగా నేర్చుకోవాలి. కొన్ని కంపెనీలు సీఎస్ఈ, ఐటీ వాళ్లనే పిలుస్తాయి కూడా. ఇంటర్‌లో ఫిజిక్స్ అంటేనే పారిపోయినవాడికి, కోడింగ్ మీద నిజంగా మనసున్నవాడికి సీఎస్ఈయే మేలు. కాకపోతే ఫ్లెక్సీ మీది ప్లేస్‌మెంట్ ఫొటోలు చూసి చేరొద్దు. ఫైనలియర్ వాళ్లను పట్టుకుని, మీ సెక్షన్‌లో ఎందరికి ఆఫర్ లెటర్ చేతికొచ్చిందని అడగండి. ఏఐ ఎంఎల్, డేటా సైన్స్ అని సీఎస్ఈ పక్కన ఏ తోక తగిలించినా సబ్జెక్టులు చాలావరకు అవే. ఆ తోక కోసం కాలేజీలో రాజీ పడొద్దు.

డబ్బు సంగతీ చూసుకోవాలి. బీసీ, ఈబీసీ పిల్లలకు ర్యాంకు 10,000 దాటితే ప్రభుత్వమిచ్చే ఫీజు రీయింబర్స్‌మెంట్ ఏడాదికి 35,000 రూపాయలే, మిగతాది చేతి నుంచి పడుతుంది. బీ కేటగిరీకి, అంటే మేనేజ్‌మెంట్ కోటా సీటుకు అదీ రాదు. అప్పు చేసి మరీ బీ కేటగిరీలో సీఎస్ఈ సీటు కొనడం నాకు సుతరామూ నచ్చదు.

ఇక బీకాం, దాంతోపాటు సీఏ. ఎంపీసీ చదివిన పిల్లల ఇంట్లో ఈ మాటెత్తితే అదోలా చూస్తారు. బీకాంకు డిగ్రీ ప్రవేశాల పోర్టల్ దోస్త్‌లో సీటు, ఫీజు తక్కువ. సీఏలో ఆడిటర్ దగ్గర చేసే శిక్షణ, ఆర్టికల్‌షిప్ కూడా 2023లో మూడేళ్ల నుంచి రెండేళ్లకు తగ్గింది. ఫైనల్ గట్టెక్కేవాళ్లు తక్కువేననుకోండి. అయినా సీఏ ఇంటర్ పాసై ఆర్టికల్స్ చేసినవాళ్లను అమెరికా ఆడిట్, ట్యాక్స్ పనులు చూసే ఆఫీసులు గచ్చిబౌలి, మాదాపూర్‌లలో తీసుకుంటున్నాయి. రెండుసార్లు తప్పినా మూడోసారి పుస్తకం పట్టే మొండి అమ్మాయి ఇంట్లో ఉంటే, బీ కేటగిరీ డబ్బు అలాగే ఉంచుకుని ఆమెను సీఏ ఫౌండేషన్‌కు పంపమనే చెబుతాను.