శ్రీలంక గోడ మ్యాపు: పిల్లలున్న ఇంటికి బాగా పనికొస్తుంది

టి.నగర్‌లో ఒక స్టేషనరీ షాపులో మా పాప కోసం ఈ మ్యాపు కొన్నాను, ఎత్తుపల్లాలు చేతికి తగిలేలా ప్లాస్టిక్ షీటు మీద అచ్చు వేసింది, నాకైతే చాలా నచ్చింది. దేశం నడిమధ్యలో కొండల మీద వేలు పెడితే 2,524 మీటర్ల పిదురుతలగల దగ్గర బాగా పైకి లేస్తుంది, అక్కడి నుంచి ఏ వైపు జరిపినా చివరికి సముద్రంలోకి దిగడమే, అందుకే నదులు మధ్యలో పుట్టి చుట్టూ ఎందుకు పారతాయో పాపకు నేను చెప్పకుండానే అర్థమైంది. అన్నిటికన్నా పొడవైన మహవేలి గంగ 335 కిలోమీటర్లు తిరిగి ట్రింకోమలీ దగ్గర బంగాళాఖాతంలో కలుస్తుంది, ఆ వంపులు చక్కగా చూపించారు. పైన మన ధనుష్కోడి, అటు మన్నారు దీవి, మధ్యలో రామసేతు ఇసుక తిన్నెలు కూడా ఉన్నాయి. చెన్నైలో పెరిగే పిల్లలకి పక్క దేశం ఎంత దగ్గరో తెలియాలి కదా!

పార్లమెంటు ఉన్న శ్రీ జయవర్ధనపుర కోట్టే పేరు మాత్రం కొలంబో పక్కన మరీ చిన్న అక్షరాల్లో వేశారు, అది నాకు నచ్చలేదు. మెరుపు కూడా ఎక్కువే, ట్యూబ్‌లైటుకి ఎదురుగా తగిలిస్తే సగం కనపడదు. షాపువాళ్ళు చుట్టి ఇస్తామంటే ఒప్పుకోకండి, కొండలు నలిగిపోతాయి, అట్ట పెట్టి ఇమ్మని అడగండి.