స్ట్రెయిట్ రేజర్ కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకి: ముందు స్ట్రాప్, రాళ్ళ సంగతి తర్వాత

చాలా ఏళ్ళుగా స్ట్రెయిట్ రేజర్‌తోనే (పాతకాలం మంగలి కత్తి లాంటి మడత రేజర్) గడ్డం చేసుకుంటున్నా. కొత్తవాళ్ళందరూ అడిగేది ఒకటే, ఏ సానరాయి కొనాలి అని. ఇప్పుడే ఏదీ కొనొద్దు అంటాను నేను. చేత్తో నూరి షేవ్ రెడీ చేసి అమ్మేవాళ్ళ దగ్గర రేజర్ తీసుకోండి, మిగిలిన డబ్బు స్ట్రాప్ (పదును సరిచేసుకోడానికి రేజర్‌ని లాగే తోలు పట్టీ) మీద పెట్టండి, ఎందుకంటే రోజూ పని చేసేది అదే, రాయి ఎప్పుడో గానీ అవసరం రాదు.

నాకు బాగా పనికొచ్చింది 3 అంగుళాల వెడల్పున్న వేలాడే స్ట్రాప్, ఒక పక్క తోలు ఇంకో పక్క కాన్వాస్. అంత వెడల్పుంటే బ్లేడ్ మొత్తం ఒకేసారి ఆనుతుంది, సన్నది అయితే ఐమూలగా లాగడం కూడా నేర్చుకోవాలి. గట్టిగా బిగించి పట్టుకోండి, వదులుగా ఉంటే తోలు బ్లేడ్ అంచు చుట్టూ వంగి పదును గుండ్రం అయిపోతుంది. ఇంకోటి, చివర్లో తిప్పేటప్పుడు రేజర్ వెన్ను తోలు మీదే ఉండాలి, అంచు మీదుగా తిప్పారంటే తోలుకి గాటే, అందుకే మొదటి స్ట్రాప్ మామూలుది చాలు, ఖరీదైన హార్స్‌హైడ్ (గుర్రం తోలు) చెయ్యి కుదిరాక చూసుకోవచ్చు. నేనైతే షేవ్‌కి ముందు కాన్వాస్ మీద 20-30 సార్లు, తోలు మీద 50-60 సార్లు లాగుతా, స్పీడ్ అసలు అక్కర్లేదు. తగిలించడానికి చోటు లేనివాళ్ళకి చెక్కకి అతికించిన ప్యాడిల్ స్ట్రాప్ కూడా మంచిదే, అది వంగదు.

స్ట్రాప్‌కి పూసే పదును పేస్ట్ విషయంలో మాత్రం జాగ్రత్త. 0.5 మైక్రాన్ క్రోమియం ఆక్సైడ్ పేస్ట్ నిజంగా బాగా పనిచేస్తుంది, షేవ్‌లో లాగినట్టు అనిపించడం మొదలైతే పదిసార్లు లాగితే చాలు, కానీ దాన్ని రోజూ వాడే తోలుకి పూయకండి, ఒకసారి ఎక్కితే పూర్తిగా పోదు. దానికి వేరే బాల్సా (తేలికైన మెత్తటి చెక్క) ముక్క పెట్టుకోండి. అలాగని దాని మీదే బతికేద్దామంటే అంచు మెల్లగా గుండ్రమై చివరికి రాయి దగ్గరికే రావాలి.

కిచెన్ కత్తులు లాగే షార్పనర్‌లో రేజర్ పెట్టకండి, ప్లీజ్, బ్లేడ్ పాడైపోతుంది.

రాయి కొనే రోజు వస్తే నార్టన్ కంపెనీ 4000/8000 కాంబినేషన్ (ఒక పక్క 4000, ఇంకో పక్క 8000 గ్రిట్, నంబర్ పెరిగేకొద్దీ రాయి నున్నగా ఉంటుంది) ఒక్కటి చాలు, దాంతో పాటు రాయిని చదును చేసే డైమండ్ ప్లేట్ తప్పకుండా కావాలి, రాయి మీద పెన్సిల్ గీతలు గీసి అన్నీ సమానంగా చెరిగేదాకా రుద్దాలి. యాంగిల్ గైడ్లు వద్దు, వెన్ను, అంచు రెండూ రాయికి ఆనితే కోణం దానంతట అదే కుదురుతుంది. నానివా కంపెనీ 12000 రాయి నా దగ్గర ఉంది, షేవ్ ఇంకొంచెం మెత్తగా ఉంటుంది, కొత్తవాళ్ళకి అవసరం లేదు. అంచు విరిగితే 1000 గ్రిట్ నుంచి మొదలుపెట్టి బెవెల్ (అంచు దగ్గరి ఏటవాలు) మళ్ళీ సెట్ చేయాలి, ఆ పని మొదట్లో నూరడం తెలిసినవాళ్ళకే ఇవ్వండి.